షేల్ రాయి ఎంత పెళుసు? కోర్ పెట్టె నుంచి రిపోర్టు దాకా కొలిచే పద్ధతి

వరంగల్ ఊరు గ్రానైట్ మీద ఉంది. షేల్ చూడాలంటే ములుగు, భూపాలపల్లి దాటి గోదావరి వైపు పోవాలి. సింగరేణి బొగ్గు పొరలకు పైనా కిందా మధ్యలోనూ నల్లగా, బూడిద రంగులో, పలచటి పొరలుగా కనిపించే రాయి అదే. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట నిలవ నీళ్లలో పేరుకున్న బురద గట్టిపడి అలా తయారైంది. బొగ్గు తవ్వేవాళ్లకు ఆ రాయితో ఉన్న ప్రశ్న ఒకటే, గని పైకప్పు నిలుస్తుందా అని. ఆయిల్, గ్యాస్ తీసేవాళ్లు వేరేది అడుగుతారు. లోతున ఒత్తిడితో నీళ్లు కొడితే ఈ రాయి పగులుతుందా? పగిలాక ఆ పగులు తెరుచుకుని ఉంటుందా, మెత్తగా మూసుకుపోతుందా?

తెలంగాణలో షేల్ గ్యాస్ ఉత్పత్తి ఏదీ లేదు. అయినా ఈ లెక్క మనకు దూరమైనది కాదు. ప్రాణహిత–గోదావరి లోయలోని గోండ్వానా పొరలు (సింగరేణి బొగ్గున్న రాతి వరస) ఆగ్నేయంగా సాగి కృష్ణా–గోదావరి బేసిన్ అడుగుకు చేరతాయి. అక్కడి కొమ్ముగూడెం షేల్ మన బరాకర్ పొరల (ఇక్కడి ముఖ్యమైన బొగ్గు పొరలు) కాలానిదే. దామోదర్ లోయలో దుర్గాపూర్ దగ్గర ఓఎన్‌జీసీ తవ్విన బావిలో 2011 జనవరిలో బారెన్ మెజర్స్ అనే, బొగ్గు దాదాపు లేని పొరల షేల్ నుంచి గ్యాస్ వచ్చింది. బారెన్ మెజర్స్ అన్న పేరు సింగరేణి డ్రిల్లింగ్ రికార్డుల్లోనూ కనిపిస్తుంది. వరంగల్ ఎన్‌ఐటీలోనో కొత్తగూడెంలోని మైనింగ్ విద్యాసంస్థలోనో చదివి ఈ రంగంలోకి వెళ్లే పిల్లలకు ఏదో ఒకరోజు చేతిలో ఇలాంటి కోర్ (డ్రిల్లింగ్‌లో భూమిలోంచి తీసిన గుండ్రటి రాతి కడ్డీ) పడుతుంది. ఈ గైడ్ వాళ్ల కోసమే.

మొదటే ఒక మాట గట్టిగా చెప్తాను. ఏ పద్ధతిలో కొలిచారో రాయకుండా పెళుసుదనం అంకెను ఎవరికీ ఇవ్వకండి. ఇంకొకటి, గోండ్వానా షేల్ విషయంలో ఖనిజాల శాతాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. రాయి పగిలిన తర్వాత ఏం చేస్తుందో చూస్తేనే దాని అసలు గుణం తెలుస్తుంది.

ముందు, కొలిచేది ఏమిటి?

గట్టిదనం వేరు, పెళుసుదనం వేరు. సంక్రాంతికి చేసిన సకినం టక్కున విరుగుతుంది, వానాకాలం గాలికి మెత్తబడితే అదే సకినం వంగి ఊరుకుంటుంది. షేల్ కూడా అంతే. బరువు పెంచుతూ పోతే పెద్దగా రూపం మారకుండా ఉండి, ఒక్కసారిగా విరిగి, మోసే బలం చాలావరకు పోగొట్టుకునే రాయి పెళుసు రాయి. మెల్లగా నలిగి, ఉబ్బి, విరిగాక కూడా దాదాపు అంతే బరువు మోస్తూ ఉంటే అది సాగే రాయి.

గ్యాస్ బావిలో ఈ తేడా ఎందుకు ముఖ్యం? పెళుసు రాయిలో పగులు కొమ్మలు వేసుకుంటూ పోతుంది, గ్యాస్ రావడానికి చాలా దారులు ఏర్పడతాయి. పగులు మూసుకోకుండా నీళ్లతో పాటు ఇసుక పంపుతారు. క్లే (బంకమట్టి ఖనిజాలు) ఎక్కువున్న మెత్తటి షేల్‌లో ఆ ఇసుక రేణువులు పగులు గోడల్లోకి దిగబడిపోతాయి, కొన్నాళ్లకు దారి సన్నబడుతుంది.

పెళుసుదనానికి అందరూ ఒప్పుకున్న ఒక్క నిర్వచనం లేదు. హుక్కా, దాస్ అనే ఇద్దరు 1974లోనే రకరకాల పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చారు. ఆ తర్వాత ఇంకా ఎన్నో సూత్రాలు వచ్చాయి. ఒకే రాయికి ఒక సూత్రం పెళుసు అంటే ఇంకోటి మెత్తన అనగలదు. అందుకే కింద నాలుగు దారులు చెప్తున్నాను, ఏది ఎక్కడ మోసం చేస్తుందో కూడా చెప్తున్నాను.

మొదటి అడుగు: నమూనా

ఓపెన్‌కాస్ట్ గని గోడ మీద నెలల తరబడి ఎండకూ వానకూ ఉన్న షేల్ తెచ్చి బలపరీక్ష చేయకండి. అది అప్పటికే పొరలుపొరలుగా విడిపోయి ఉంటుంది. వాగు ఒడ్డున దొరికిన ముక్క కూడా అంతే. ఖనిజాలు చూడటానికి, చేయి అలవాటు చేసుకోవడానికి పనికొస్తుందేమో కానీ, బలం అంకె ఇవ్వడానికి పనికిరాదు. డ్రిల్లింగ్ కోర్ కావాలి, అదీ కొత్తది కావాలి. సంస్థ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, లోతు, బావి నంబరు, ఏది పై కొస అన్నది కోర్ పెట్టె మీద ఉన్నది ఉన్నట్టు నోట్ చేసుకోండి.

కోర్ బయటికి వచ్చిన క్షణం నుంచీ తేమ పోతూనే ఉంటుంది. మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో డ్రిల్లింగ్ షెడ్డులో ఒక్క మధ్యాహ్నం వదిలేస్తే చాలు, పొరల వెంట వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. కాబట్టి అక్కడికక్కడే తుడిచి, ఫొటో తీసి, ప్లాస్టిక్ ఫిల్మ్ గట్టిగా చుట్టి, దాని మీద అల్యూమినియం రేకు చుట్టి, కరిగించిన మైనంలో ముంచండి. జీపులో తెచ్చేటప్పుడు ఫోమ్ ఉన్న పెట్టెలో పడుకోబెట్టండి.

ల్యాబ్‌లో కోసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు నీళ్లు వాడటం. క్లే ఉన్న షేల్ నీళ్లు తాకితే ఉబ్బుతుంది, కొన్ని రకాలైతే చేతిలోనే విడిపోతాయి. గాలితో చల్లబరిచే కట్టర్ వాడండి, లేదా క్లేతో కలవని నూనె వాడండి.

సైజు విషయం. ఒంటి దిశ ఒత్తిడి పరీక్షకు సుమారు 54 మిల్లీమీటర్ల వ్యాసం, దానికి 2.5 నుంచి 3 రెట్లు పొడవు ఉండాలని అంతర్జాతీయ రాక్ మెకానిక్స్ సొసైటీ సూచన. అంటే కనీసం 135 మిల్లీమీటర్ల ముక్క చీలిక లేకుండా దొరకాలి. రెండు కొసలూ 0.02 మిల్లీమీటర్ల లోపు సమతలంగా ఉండాలి. ఈ ఒక్క పనికి ఎంత టైమ్ పట్టినా పెట్టండి. కొస వంకరగా ఉంటే ఒత్తిడి ఒక మూలనే పడి రాయి ముందే చిట్లుతుంది, మీరు దాన్ని పెళుసుదనం అనుకుంటారు. నమూనా తయారీకి మన ఐఎస్ 9179 ఉంది, దగ్గర పెట్టుకోండి.

షేల్‌కు దిశ ఉంటుంది. పొరలకు నిలువుగా కోసిన ముక్క, పొరల వెంట కోసిన ముక్క రెండు వేర్వేరు రాళ్లలా ప్రవర్తిస్తాయి. వీలైతే నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా మూడు దిశల్లోనూ తీయండి. పొరల తలం, ఒత్తిడి దిశ మధ్య కోణం 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు రాయి మామూలుగా అతి తక్కువ బలం చూపిస్తుంది, పొర వెంట జారిపోతుంది. ఆ జారుడును పెళుసు విరుపుగా లెక్కేయకూడదు. ప్రతి ముక్క మీద పొరల దిశను పెర్మనెంట్ మార్కర్‌తో గీయండి.

రెండో అడుగు: ఖనిజాల లెక్క

ఇది అన్నిటికంటే తేలిక, అందుకే అందరూ దీని దగ్గరే ఆగిపోతారు. రాయిని పొడి చేసి ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో ఖనిజాలను గుర్తించే) యంత్రంలో పెడితే క్వార్ట్జ్, కార్బొనేట్, క్లే శాతాలు వస్తాయి. క్లే రకాలు విడదీయడానికి సన్నటి భాగాన్ని గాజుపలక మీద ఆరబెట్టి ఇంకో స్లైడ్ చేయాలి. గ్లైకాల్ ఆవిరి పట్టిస్తే స్మెక్టైట్ అనే ఉబ్బే రకం క్లే పొరల మధ్య దూరం 17 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉబ్బుతుంది. 550 డిగ్రీలకు వేడి చేస్తే 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కయోలినైట్ అనే ఇంకో రకం క్లే చూపే శిఖరం గ్రాఫ్‌లో మాయమవుతుంది. ఉబ్బే క్లే ఎంతుందో తెలియడం బావిలో ఏ ద్రవం వాడాలో నిర్ణయించడానికి కూడా పనికొస్తుంది.

2007లో జార్వీ బృందం టెక్సాస్‌లోని బార్నెట్ షేల్ కోసం వాడిన సూత్రం ఇది:

పెళుసుదనం = క్వార్ట్జ్ ÷ (క్వార్ట్జ్ + కార్బొనేట్ + క్లే)

2009లో వాంగ్, గేల్ దీన్ని మార్చి డోలమైట్‌ను పెళుసు వైపు చేర్చారు, సేంద్రియ కార్బన్‌ను మెత్తన వైపు వేశారు.

ఇప్పుడు మన రాయికి వద్దాం. లెక్క కోసం ఒక ఊహా నమూనా తీసుకుందాం: క్వార్ట్జ్ 42, ఫెల్డ్‌స్పార్ 6, సిడరైట్ 9, క్లే 43 శాతం. జార్వీ సూత్రంతో 42 ÷ 94, అంటే 0.45. కానీ సిడరైట్ ఇనుప కార్బొనేట్, చాలా బిగువైన ఖనిజం. దాన్నీ ఫెల్డ్‌స్పార్‌నీ పెళుసు వైపు వేస్తే 57 ÷ 100, అంటే 0.57. రాయి మారలేదు, అంకె మాత్రం పావు వంతుకు పైగా పెరిగింది. గోండ్వానా షేల్‌లో సిడరైట్ తరచుగా కనిపిస్తుంది, బార్నెట్ సూత్రం దాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టలేదు. నా మట్టుకు నేను సిడరైట్‌ను పెళుసు వైపే వేస్తాను, అలా వేశానని రిపోర్టులో రాస్తాను.

దీనికంటే లోతైన చిక్కు ఇంకోటుంది. బార్నెట్ సముద్రంలో పుట్టిన షేల్. అందులోని క్వార్ట్జ్‌లో పెద్ద భాగం చిన్నచిన్న సముద్ర జీవుల గుల్లల నుంచి వచ్చింది. అది కరిగి మళ్లీ గట్టిపడి రాయి అంతటా ఒక అల్లికలా పట్టుకుని ఉంటుంది. మన గోండ్వానా షేల్‌లో క్వార్ట్జ్ నదులు మోసుకొచ్చిన ఇసుక రేణువులు. క్లే మధ్యలో ఒకదానికొకటి తగలకుండా తేలుతూ ఉంటే, ఆ రేణువులు 42 శాతం ఉన్నా బరువును మోసేది క్లేనే. ఎక్స్‌ఆర్‌డీకి ఈ తేడా తెలియదు. అందుకని ప్రతి నమూనాకూ ఒక పలచటి సెక్షన్ (వెలుతురు దాటేంత సన్నగా అరగదీసిన రాతి పలక) చేయించి మైక్రోస్కోప్ కింద చూడండి. రేణువులు తగులుకుని ఉన్నాయా, తేలుతున్నాయా అన్న ఒక్క వాక్యం రాసినా చాలు, ఆ 0.45కు అర్థం వస్తుంది.

సేంద్రియ కార్బన్ కొలిచేటప్పుడు కూడా సిడరైట్ ఇబ్బంది పెడుతుంది. కార్బొనేట్ తీసేయడానికి రాయిపొడిని యాసిడ్‌లో వేస్తారు. సిడరైట్ చల్లటి పలచటి యాసిడ్‌లో చాలా మెల్లగా కరుగుతుంది. వేడి చేయకుండా తొందరపడితే మిగిలిపోయిన సిడరైట్‌లోని కార్బన్ కూడా సేంద్రియ కార్బన్ ఖాతాలో పడుతుంది. నురుగు పూర్తిగా ఆగేదాకా వేడిగా ఉంచండి. ఇంకో సంగతి, ఎక్స్‌ఆర్‌డీ సేంద్రియ పదార్థాన్ని చూడలేదు. అది చాలా తేలిక కాబట్టి బరువులో 5 శాతం ఉంటే రాయి ఘనపరిమాణంలో దాదాపు 10 శాతం ఆక్రమిస్తుంది. లెక్కలో దాన్ని మరిచిపోతే రాయి ఉన్నదానికంటే పెళుసుగా కనిపిస్తుంది.

మూడో అడుగు: శబ్ద తరంగాల వేగం

ఈ నాలుగు దారుల్లో ముక్కను పాడు చేయకుండా కొలిచేది ఇదొక్కటే. కాబట్టి విరగ్గొట్టే ముందే ఇది చేయండి. ముక్కకు రెండు కొసలా ట్రాన్స్‌డ్యూసర్లు పెట్టి పీ తరంగం (రాయిని నొక్కుతూ పోయేది), ఎస్ తరంగం (పక్కకు ఊపుతూ పోయేది) ఎంతసేపట్లో దాటాయో చూస్తారు. వాటి వేగాలు, రాయి సాంద్రత తెలిస్తే యంగ్స్ మాడ్యులస్ (రాయి ఎంత బిగువో చెప్పేది), పాయిజన్స్ నిష్పత్తి (పొడవునా నొక్కితే పక్కకు ఎంత ఉబ్బుతుందో చెప్పేది) వస్తాయి. కింద పీ, ఎస్ అంటే ఆ తరంగాల వేగాలు.

పాయిజన్స్ నిష్పత్తి = (పీ² − 2 × ఎస్²) ÷ (2 × (పీ² − ఎస్²))

యంగ్స్ మాడ్యులస్ = సాంద్రత × ఎస్² × (3 × పీ² − 4 × ఎస్²) ÷ (పీ² − ఎస్²)

పీ వేగం సెకనుకు 3600 మీటర్లు, ఎస్ వేగం 2100, సాంద్రత ఘనమీటరుకు 2500 కిలోలు అనుకుంటే పాయిజన్స్ నిష్పత్తి 0.242, యంగ్స్ మాడ్యులస్ 27.4 గిగాపాస్కల్స్ వస్తాయి.

2008లో రిక్‌మన్ బృందం ఇచ్చిన సూత్రంలో ఈ రెండింటినీ వందకు మార్కులుగా మార్చి సగటు తీస్తారు. మాడ్యులస్‌ను పది లక్షల పీఎస్ఐలలో (చదరపు అంగుళానికి పౌండ్లు) పెట్టాలి, అలాంటి ఒక యూనిట్ అంటే 6.895 గిగాపాస్కల్స్. 1 ఉంటే సున్నా మార్కులు, 8 ఉంటే వంద. పాయిజన్స్ నిష్పత్తి 0.40 అయితే సున్నా, 0.15 అయితే వంద. మన ఉదాహరణలో మాడ్యులస్ 3.97 యూనిట్లు, 42 మార్కులు. పాయిజన్స్ నిష్పత్తికి 63. సగటు 53.

ఇక్కడే జాగ్రత్త కావాలి. తరంగాలతో వచ్చినది డైనమిక్ మాడ్యులస్. నిజంగా బరువు పెట్టి కొలిచే స్టాటిక్ మాడ్యులస్ దానికంటే తక్కువ ఉంటుంది, ఎందుకంటే తరంగం రాయిని కదిపేది చాలా తక్కువ, లోపలి సన్న పగుళ్లు మూసుకునే అవకాశమే రాదు. అదే ముక్కకు స్టాటిక్ మాడ్యులస్ 18 గిగాపాస్కల్స్ వస్తే మార్కులు 23కు పడిపోతాయి, సగటు 43 అవుతుంది. మీ ల్యాబ్‌లో అవే నమూనాల మీద రెండూ కొలిచి, ఆ సంబంధాన్ని బావి సోనిక్ లాగ్‌కు (బావిలోకి పరికరం దించి లోతు వారీగా కొలిచిన తరంగ వేగాలకు) వాడండి. వేరే దేశపు షేల్ కోసం తయారైన సంబంధాన్ని తెచ్చి అతికించకండి. 1, 8, 0.15, 0.40 అనే హద్దులు కూడా అమెరికా బావుల అనుభవం నుంచి వచ్చినవేనని గుర్తుంచుకోండి.

నాలుగో అడుగు: నొక్కి, చీల్చి చూడటం

ఒంటి దిశ ఒత్తిడి పరీక్షకు ఐఎస్ 9143, మాడ్యులస్ కోసం ఐఎస్ 9221, బ్రెజిలియన్ చీలిక పరీక్షకు ఐఎస్ 10082 ఉన్నాయి. ఒత్తిడిని సెకనుకు 0.5 నుంచి 1 మెగాపాస్కల్ చొప్పున పెంచుతారు. బ్రెజిలియన్ పరీక్షలో వ్యాసంలో సగం మందమున్న బిళ్లను పక్క నుంచి నొక్కి చీలుస్తారు. 54 మిల్లీమీటర్ల వ్యాసం, 27 మందం ఉన్న బిళ్ల 12.6 కిలోన్యూటన్ల దగ్గర చీలితే తన్యబలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం) 5.5 మెగాపాస్కల్స్. చీలిక మధ్య నుంచి మొదలై వ్యాసం వెంట పోవాలి. నొక్కిన చోట నలిగినా, పొర వెంట పక్కకు పోయినా ఆ ఫలితం పక్కన పెట్టండి.

ఒత్తిడి బలాన్ని తన్యబలంతో భాగించి దాన్నే పెళుసుదనం అనడం పాత అలవాటు. ఒక రాయికి ఒత్తిడి బలం 62, తన్యబలం 5.5 మెగాపాస్కల్స్ వస్తే నిష్పత్తి 11.3. ఇంకో బలహీనమైన రాయికి 20, 1.8 వస్తే నిష్పత్తి 11.1. రెండూ సమానమే అన్నమాట. అదే 2003లో ఆల్టిన్‌డాగ్ ఇచ్చిన సూత్రంతో రెండు బలాలనూ గుణించి సగం చేస్తే 170, 18 వస్తాయి. ఆ సూత్రం డ్రిల్లింగ్‌లో రాయి ఎంత తేలిగ్గా తొలుస్తుందో అంచనా వేయడానికి బాగుంటుంది. గ్యాస్ కోసం షేల్‌ను ఎంచుకోవడానికి ఈ రెండింటిలో దేనినీ నేను ఆఖరి మాటగా తీసుకోను. రెండూ రాయి విరిగే క్షణం దగ్గర ఆగిపోతాయి.

పాయింట్ లోడ్ (రెండు మొనల మధ్య నొక్కి విరవడం), ష్మిట్ హామర్ (కొట్టి ఎంత ఎగిరిందో చూడటం) లాంటి చిన్న పరీక్షలు డ్రిల్లింగ్ షెడ్డులో ఏ లోతు నుంచి నమూనాలు తీయాలో ఎంచుకోవడానికి బాగా ఉపయోగపడతాయి. అంతవరకే.

ఐదో అడుగు: చుట్టూ ఒత్తిడి పెట్టి, విరిగాక కూడా చూడటం

డబ్బు, టైమ్ తక్కువుంటే మిగతావి తగ్గించుకోండి, ఇది మాత్రం వదలకండి.

ల్యాబ్ బల్ల మీద టక్కున పగిలే రాయి రెండు కిలోమీటర్ల లోతులో అలా పగలకపోవచ్చు. అక్కడ నాలుగు వైపులా బరువు నొక్కిపెట్టి ఉంటుంది. సాంద్రత 2.5 అనుకుంటే 2000 మీటర్ల లోతులో పై రాళ్ల బరువు సుమారు 49 మెగాపాస్కల్స్. రంధ్రాల్లోని నీటి ఒత్తిడి మామూలు స్థాయిలో ఉంటే సుమారు 20. రెండింటికీ తేడా 29. కాబట్టి ట్రయాక్సియల్ సెల్‌లో (ముక్క చుట్టూ ఒత్తిడి పెడుతూ పై నుంచి నొక్కే పరికరం) 5, 15, 30 మెగాపాస్కల్స్ చుట్టు ఒత్తిడి దగ్గర ఒక్కో దానికి కనీసం రెండు ముక్కలు పరీక్షించండి. ఐఎస్ 13047 ఈ పరీక్షకే. తేమ అన్ని ముక్కల్లో ఒకేలా ఉండాలి, పరీక్షకు ముందూ తర్వాతా తూకం వేసి రాయండి.

యంత్రం బిగువుగా లేకపోతే విరుపు తర్వాతి భాగం దొరకదు. మెత్తటి ఫ్రేమ్ తనలో దాచుకున్న శక్తినంతా విరుపు క్షణంలో రాయి మీదికి వదిలేస్తుంది, ముక్క పేలిపోతుంది, ఒత్తిడి–కుదింపు గ్రాఫ్ అక్కడితో ఆగుతుంది. సర్వో నియంత్రణ (కొలతను చూస్తూ తనంతట తానే బరువును సర్దుకునే ఏర్పాటు) ఉన్న బిగువైన యంత్రం కావాలి. నిలువు కుదింపు ఆధారంగా నడిపినా కొన్ని షేల్‌లకు సరిపోదు. వావర్‌సిక్, ఫెయిర్‌హర్స్ట్ 1970లో చూపించినట్టు, కొన్ని రాళ్లు విరిగాక నిలువునా కుదించుకుపోవడానికి బదులు వెనక్కి వస్తాయి. అలాంటి వాటికి ముక్క నడుం చుట్టూ గొలుసు గేజ్ కట్టి, నడుం ఉబ్బే వేగాన్ని ఒకే తీరుగా ఉంచుతూ యంత్రాన్ని నడపాలి. ఆపరేటర్ పక్కనే కూర్చోండి. విరుపు దగ్గరికి వచ్చినప్పుడు తొందరపడి వేగం పెంచకుండా చూడండి.

గ్రాఫ్‌లో చూడాల్సినవి రెండు: శిఖరం ఎక్కడుంది, దిగాక ఏ స్థాయిలో నిలబడింది. 1967లో బిషప్ ఇచ్చిన సూత్రం:

పెళుసుదనం = (శిఖర బలం − మిగిలిన బలం) ÷ శిఖర బలం

లెక్క కోసం అంకెలు అనుకుందాం. 5 మెగాపాస్కల్స్ దగ్గర శిఖరం 80, మిగిలింది 38 అయితే 0.53. 15 దగ్గర 102, 62 అయితే 0.39. 30 దగ్గర 128, 98 అయితే 0.23. అదే రాయి, లోతు పెరిగేకొద్దీ మెత్తబడుతోంది. ఒక్క అంకె కంటే ఈ వరుస ఎన్నో రెట్లు విలువైనది, ఎందుకంటే ఏ లోతు దాకా ఈ షేల్‌ను పగలగొట్టాలని చూడటంలో అర్థముందో ఇదే చెప్తుంది. రెండు షేల్‌లను పోల్చేటప్పుడు కూడా ఈ వాలును పోల్చండి. పైన సమానంగా కనిపించిన రెండు రాళ్లలో ఒకటి 30 దగ్గర కూడా 0.4 నిలబెట్టుకుంటే, రెండోది 0.1కు పడిపోతే, ఎంపిక అక్కడే తేలిపోతుంది.

శిఖరం నుంచి ఎంత నిటారుగా దిగిందో కూడా చూడండి. మిగిలిన బలం ఒకటే అయినా, ఒకటి నిట్టనిలువుగా పడితే ఇంకోటి మెల్లగా జారుతుంది. మొదటిదే ఎక్కువ పెళుసు. బిషప్ సూత్రానికి ఈ తేడా పట్టదు, కాబట్టి గ్రాఫ్‌నే రిపోర్టులో పెట్టండి.

ముక్కను బయటికి తీశాక పారేయకండి. నిలువునా చాలా చీలికలు వచ్చాయా, ఒకే ఏటవాలు తలం మీద జారిందా, మధ్యలో పీపాలా ఉబ్బిందా ఫొటో తీయండి. పొర గుర్తు, విరిగిన తలం రెండూ కనిపించేలా తీయండి.

ఆరో అడుగు: అన్నీ ఒకచోట పెట్టడం

లోతు నిలువు గీతగా పెట్టి ఖనిజాల అంకె, తరంగాల అంకె, బిషప్ అంకె పక్కపక్క నిలువు వరుసల్లో గీయండి. మూడూ కలిపి సగటు తీయకండి. అవి కొలిచేవే వేరు. మూడూ ఒకే మాట చెప్తున్న పొరలు ఎక్కడున్నాయో గుర్తించండి, గొడవ పడుతున్న చోట పలచటి సెక్షన్ తీసి చూడండి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది: సిడరైట్ ముద్దలు, తేలుతున్న క్వార్ట్జ్, బొగ్గు పొరలు.

పెళుసుదనం ఎక్కువున్న పొరే మంచి పొర అని నిర్ణయించేయడం కూడా తప్పే. పగులు ఎటు, ఎంత దూరం పోతుందో తేల్చేది భూమిలోని అడ్డు ఒత్తిళ్లు, పగులుకు రాయి ఇచ్చే నిరోధం, ముందే ఉన్న సహజ చీలికలు. గట్టి ఇసుకరాయి పొరో సున్నపురాయి పొరో పెళుసుగా కనిపించినా పగులును అడ్డుకోగలదు. గ్యాస్ లేని పెళుసు పొరతో పనే లేదు. ఇసుక దిగబడే పరీక్ష కూడా చేయించగలిగితే మంచిది. షేల్ ముక్క మీద ఇసుక రేణువులు పరిచి, బావి లోతుకు తగ్గ ఒత్తిడి పెట్టి, ఎంత లోతు గుంటలు పడ్డాయో కొలుస్తారు.

రిపోర్టులో ప్రతి అంకె పక్కనా ఇవి ఉండాలి: బావి, లోతు, కోర్ తీసిన తేదీ, పరీక్ష తేదీ, తేమ శాతం, పొరలకు ఒత్తిడి దిశ ఏ కోణంలో ఉంది, చుట్టు ఒత్తిడి ఎంత, వాడిన సూత్రం ఏది, ఆ సూత్రంలో సిడరైట్‌నూ ఫెల్డ్‌స్పార్‌నూ ఏ వైపు వేశారు, మాడ్యులస్ డైనమిక్కా స్టాటిక్కా. పక్కన పెట్టిన ఫలితాలను కారణంతో సహా విడిగా పట్టికలో చూపండి. కోర్‌ను నిలువునా కోసి సగం మైనంలోనే దాచి ఉంచండి, రేపు ఇంకొకరు మీ అంకెను సరిచూడాలంటే వాళ్లకు అదే రాయి కావాలి.